బకెట్టు ముందు, చేప తర్వాత

(విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని ఒక అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాల్లో, కొత్తగా చేపల తొట్టి పెట్టుకున్నవాళ్ళనీ పెట్టుకోబోయేవాళ్ళనీ ఉద్దేశించి ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరులోనే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే. ఫ్యాన్లు ఆపకండి బాబూ, మైకులో గాలి చప్పుడు వచ్చినా పర్లేదు. ఈ ఉక్కలో నేనేం చెప్పినా బుర్రకెక్కదు.

మొదట ఒక చిన్న ప్రశ్న. మీ తొట్టిలో ఎన్ని లీటర్ల నీళ్ళు పడతాయి? (ఎవరో "రెండడుగులదండీ" అన్నారు.) అదిగో, అడుగుల్లో చెప్తారు, లీటర్లలో చెప్పరు. చేపలెన్ని అంటే మాత్రం టక్కున చెప్పేస్తారు. ముందు వరసలో పాపా, నీకెన్ని ఉన్నాయమ్మా? పద్దెనిమిది. చూశారా! చేపల లెక్క నోటికొచ్చు, నీళ్ళ లెక్క ఎవరికీ రాదు. ఇవాళ నేను మాట్లాడేదంతా ఆ రెండో లెక్క గురించే.

రెండడుగుల తొట్టి అంటే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. రెండు ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్ల పైచిలుకు, మొత్తం 56. అడుగున గులకరాళ్ళు పోశారు, పైన కొంత ఖాళీ వదిలారు, మధ్యలో కోట బొమ్మో ఓడ బొమ్మో పెట్టారు. మిగిలింది 45 లీటర్లు. ఈ పూటకి మనందరి తొట్టీ 45 లీటర్లే అనుకుందాం. బాత్రూం బకెట్టు తొణక్కుండా పట్టుకుంటే 15 లీటర్లు. అంటే మీ తొట్టి మూడు బకెట్లు. హాల్లో లైటు వేసి పెడితే ఘనంగా కనిపిస్తుంది గానీ, ఉన్నది మూడంటే మూడు బకెట్లు.

ఆ మూడు బకెట్లలో ఏం జరుగుతుందో చూద్దాం. మీరు మేత వేస్తారు. చేప తింటుంది. మేతలో మాంసకృత్తులు ఉంటాయి, వాటిలో నత్రజని ఉంటుంది. చేప దాన్ని అమ్మోనియాగా బయటికి వదుల్తుంది. మలంతోనే కాదు, ఎక్కువ భాగం మొప్పల్లోంచే వదుల్తుంది. తినకుండా మిగిలిన మేత కుళ్ళినా అదే అమ్మోనియా. అమ్మోనియా చేపకి విషం, మొప్పల్ని కాల్చేస్తుంది. చేప పైకొచ్చి నోరు తెరుస్తూ ఉంటే "ఆకలేస్తోంది పాపం" అని ఇంకో చిటికెడు వేస్తారు మనవాళ్ళు.

ఇక్కడ మనకి సాయం చేసేది బ్యాక్టీరియా. నైట్రోసోమోనాస్ లాంటివి అమ్మోనియాని నైట్రైటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే, చేప రక్తం ఆక్సిజన్ మోయకుండా చేస్తుంది. తర్వాత నైట్రోస్పైరా లాంటివి దాన్ని నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు చాలా మెత్తనిది, మోతాదు పెరిగితేనే ఇబ్బంది. కానీ అక్కడితో బండి ఆగిపోతుంది. ఇంట్లో పెట్టుకునే మామూలు ఫిల్టరు నైట్రేటుని ఇంకెక్కడికీ పంపలేదు. మొక్కలుంటే కాస్త తింటాయి. మిగతాది పోవాలంటే మీరు బకెట్టు ఎత్తాల్సిందే. "మంచి ఫిల్టరు కొన్నామండీ, నీళ్ళు మార్చక్కర్లేదన్నాడు షాపతను" అంటారు. ఫిల్టరు మురికిని మీ కంటికి కనపడకుండా చేస్తుంది, అంతే. నీళ్ళు అద్దంలా ఉండగానే చేపలు చచ్చిన తొట్లు చాలా చూశాను.

ఇప్పుడు లెక్క. ఫోన్లు తీయొద్దు, నోటి లెక్కే.

మామూలు గుళికల మేతలో నూటికి 40 పాళ్ళు మాంసకృత్తులుంటాయి అనుకోండి. మాంసకృత్తుల బరువులో 16 శాతం నత్రజని. వారానికి 2 గ్రాముల మేత వేశారు. 2 గ్రాముల్లో 800 మిల్లీగ్రాములు మాంసకృత్తులు, అందులో నత్రజని 128 మిల్లీగ్రాములు. అదంతా నైట్రేటు అయితే సుమారు 570 మిల్లీగ్రాములవుతుంది. 45 లీటర్లకి పంచితే లీటరుకి 12, 13 మిల్లీగ్రాములు. కొంత చేప ఒంటికి పడుతుంది, కొంత మురికితో పాటు మీరు లాగేస్తారు. గుండ్రంగా వారానికి 10 అనుకుందాం. ఇది మీ చేపల రాబడి.

ఇక ఖర్చు. వారానికి ఒక బకెట్టు తీసి ఒక బకెట్టు పోశారు. మూడింట ఒక వంతు. కొన్నాళ్ళకి నైట్రేటు ఎక్కడ నిలబడుతుంది? 30 దగ్గర. ఎలాగంటే, 30 ఉన్నప్పుడు మూడో వంతు తీస్తే 10 పోతుంది, 20 మిగులుతుంది, వారంలో మళ్ళీ 10 వచ్చి 30 అవుతుంది. అక్కడే ఊగుతూ ఉంటుంది. వారానికి రెండు బకెట్లు మారిస్తే 15 దగ్గర ఆగుతుంది. అర బకెట్టే మారిస్తే 60 దాకా ఎక్కుతుంది. పదిహేను రోజులకోసారి ఒక బకెట్టు అన్నా అదే 60. అసలు మార్చకపోతే ఎక్కడా ఆగదు. ఆరు నెలలకి 250 దాటుతుంది. నేనైతే 20, 30 మధ్య ఉంచుతాను, 40 దాటనివ్వను.

ఇప్పుడు చేపల్ని రెట్టింపు చేయండి. మేత రెట్టింపు, వారానికి 20. ఒక బకెట్టుతో 60 దగ్గర నిలుస్తుంది. మళ్ళీ 30కి దించాలంటే రెండు బకెట్లు ఎత్తాలి. నేను మీకు చెప్పదలుచుకున్న అసలు సంగతి ఇదే. ఎన్ని చేపలు పెట్టొచ్చు అనేది తొట్టి చెప్పదు, షాపతను చెప్పలేడు. ఆదివారం పొద్దున మీరు ఎన్ని బకెట్లు మోస్తారో అదే చెప్తుంది. మీ నడుము సంగతి మీకు తెలుసు కదా, దాన్నిబట్టి చేపల్ని కొనండి. (నవ్వులు)

షాపులో "అంగుళం చేపకి ఒక గ్యాలన్" అని ఒక సూత్రం చెప్తారు. పది గ్యాలన్ల తొట్టిలో అంగుళం చేపలు పది పడతాయట. ఆ లెక్కన పది అంగుళాల చేప ఒకటి పట్టాలి. మన తొట్టి వెడల్పు పన్నెండు అంగుళాలు, దానికి వెనక్కి తిరగడానికే చోటు చాలదు. పైగా ఒకే ఆకారంలో ఉన్న చేప పొడవు పదింతలైతే బరువు వెయ్యింతలవుతుంది. పొడవు, వెడల్పు, మందం మూడూ పెరుగుతాయి కదా. తినేది, వదిలేది బరువునిబట్టే గానీ పొడవునిబట్టి కాదు. ఆ సూత్రాన్ని మర్చిపోండి.

ఇక్కడే గోల్డ్ ఫిష్ గురించి చెప్పేస్తాను, ఎలాగూ అడుగుతారు. వాస్తు కోసం ఎనిమిది ఎర్రవీ ఒక నల్లదీ పెట్టమన్నారండీ అని వస్తారు. వాస్తు జోలికి నేను పోను. గోల్డ్ ఫిష్ మన బొచ్చె, శీలావతి కుటుంబానిదే. రెండంగుళాల పిల్లని చూసి కొంటారు, తిండి సరిగ్గా అందితే ఆరేడు అంగుళాలవుతుంది, పదేళ్ళ పైన బతుకుతుంది. "తొట్టి సైజుని బట్టే చేప పెరుగుతుంది" అంటారు, అది పెరగడం కాదు, గిడసబారడం. మూడు బకెట్ల తొట్టిలో తొమ్మిది గోల్డ్ ఫిష్‌లంటే రోజూ నీళ్ళు మోయాలి. ఒక్కటైనా వద్దంటాను నేను.

మరి ఏం పెట్టాలి? దానికంటే ముందు మీ కుళాయిలో ఏ నీళ్ళొస్తున్నాయో తెలియాలి. చేప షాపులో దొరుకుతుంది గానీ నీళ్ళు మీ ఇంట్లోవే కదా.

మన ఊళ్ళో నీళ్ళ కథ మీకు తెలిసిందే. జీవీఎంసీ, అంటే మన నగరపాలక సంస్థ ఇచ్చే నీళ్ళు ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డ, తాటిపూడి, రైవాడ, ఏలేరు కాలువ, ఇలా రకరకాల చోట్ల నుంచి వస్తాయి. అవి జలాశయాల నీళ్ళు, క్లోరిన్ కలిపి వదుల్తారు. రెండోది బోరు నీళ్ళు. సముద్రం దగ్గర ఊరు, కొన్ని వీధుల్లో బోరు వేస్తే ఉప్పగా తగుల్తాయి. మూడోది ట్యాంకరు, ఎక్కడ నింపుకొచ్చాడో అతనికే తెలియాలి. అపార్ట్‌మెంట్‌లో ఈ మూడూ ఒకే సంపులో కలుస్తాయి. అందుకని నీళ్ళు మార్చే ముందు వాచ్‌మన్‌ని అడగండి, "ఇవాళ ఏ నీళ్ళు ఎక్కించావు?" అని. నవ్వకండి. పోయిన ఆదివారం మున్సిపాలిటీ నీళ్ళు, ఈ ఆదివారం బోరు అయితే చేపకి రాత్రికి రాత్రి వేరే ఊరు వెళ్ళిపోయినట్టే.

కొన్ని వందల రూపాయల్లో టీడీఎస్ పెన్ను దొరుకుతుంది. ఇదిగో, ఇలా ఉంటుంది. నీళ్ళలో కరిగిన లవణాలెన్నో సుమారుగా చూపిస్తుంది. అమ్మోనియా ఉందా, నైట్రేటుందా అన్నది చెప్పదు, ఆ భ్రమ వద్దు. కానీ రెండు పనులకి పనికొస్తుంది. ఒకటి, నీళ్ళు మారాయా లేదా అన్నది. తాగునీటి ప్రమాణాల్లో టీడీఎస్ 500 దాకా బాగు, వేరే నీళ్ళు లేకపోతే 2000 దాకా సహించొచ్చు అని ఉంది. ఆ రెండింటి మధ్య ఎంత తేడా ఉందో చూడండి. రెండోది, కుళాయి నీళ్ళూ తొట్టి నీళ్ళూ పక్కపక్కన కొలవండి. కుళాయిలో 400, తొట్టిలో 450 ఉంటే మీరు బుద్ధిగా బకెట్టు ఎత్తుతున్నారు. తొట్టిలో 900 ఉంటే ఎత్తట్లేదు.

"ఎందుకు ఎత్తట్లేదండీ, ప్రతివారం పోస్తున్నాం" అంటారు. పోస్తున్నారు, తీయట్లేదు. ఎండాకాలంలో రెండు మూడు వేళ్ళ నీళ్ళు ఆవిరైపోతాయి. అంత మేరకు నింపి నీళ్ళు మార్చాం అనుకుంటారు. ఆవిరయ్యేది నీరొక్కటే. లవణాలూ నైట్రేటూ అక్కడే ఉంటాయి. మీరు పోసే బోరు నీళ్ళతో ఇంకాస్త ఉప్పు చేరుతుంది. నింపడం వేరు, మార్చడం వేరు.

సరే, చేపలు. బోరు నీళ్ళు గట్టిగా, అంటే కాల్షియం లాంటి లవణాలు ఎక్కువగా ఉంటే గప్పీలు, ప్లాటీలు, మోలీలు. పిల్లల్ని పెట్టే ఈ జాతులకి ఆ గట్టి నీళ్ళే హాయి. మున్సిపాలిటీ నీళ్ళు కాస్త మెత్తగా, అంటే ఆ లవణాలు తక్కువగా ఉంటే జీబ్రా డానియోలు, చెర్రీ బార్బులు. జీబ్రా మన ఉపఖండం చేపే, గంగా బ్రహ్మపుత్రల వైపుది, మొండిది, మొదటిసారి పెట్టేవాళ్ళకి దాన్ని మించింది లేదు. నియాన్ టెట్రా అందంగానే ఉంటుంది, కానీ అది అమెజాన్ వైపు మెత్తటి నీళ్ళది, మన మే నెల వేడి దానికి పడదు. పిల్లలు మారాం చేసినా కొనకండి.

వారానికి ఒక బకెట్టు వాళ్ళకి నా సలహా: ఎనిమిది జీబ్రాలు, లేదా ఎనిమిది మగ గప్పీలు. లేదా అని ఎందుకన్నానంటే, రెండూ కాదు కాబట్టి. గప్పీల్లో మగవే అని ఎందుకన్నానంటే, ఒక ఆడ గప్పీ నెలకోసారి ఇరవై, ముప్పై పిల్లల్ని పెడుతుంది. మగదాన్ని వేరు చేసినా నెలల తరబడి పెడుతూనే ఉంటుంది, వీర్యాన్ని దాచుకుంటుంది. మీరు వేసిన లెక్కంతా మూడు నెలల్లో తల్లకిందులు. మోలీలు కొంచెం పెద్దవి, నాలుగు చాలు. ఫైటర్ అయితే ఒక్కటే, మగది. దాన్ని షాపులో చిన్న గాజు సీసాల్లో వరసగా పెట్టి అమ్ముతారు కాబట్టి ఇంట్లో కూడా సీసా చాలనుకుంటారు. అది పైకొచ్చి గాలి పీల్చగలదు, మన కొర్రమీనులాగే. అందుకని ఊపిరాడక చావదు. అమ్మోనియాతో మాత్రం చస్తుంది. దానికీ కనీసం బకెట్టు నీళ్ళుండాలి, ఫిల్టరుండాలి.

రంగులు పూసిన గ్లాస్ ఫిష్ వస్తుంది, ఒంటి మీద గులాబీ, ఆకుపచ్చ చారలతో. అది నిజానికి మన చెరువుల్లో దొరికే పారదర్శకమైన చిన్న చేప. సూదితో రంగెక్కించి అమ్ముతారు. అది కొనకండి, అంతకంటే చెప్పను.

ఎనిమిదీ ఒకేరోజు తేవద్దు. బ్యాక్టీరియా నీళ్ళలో తేలుతూ ఉండదు. స్పాంజి మీద, గులకరాళ్ళ మీద, గాజు మీద పట్టుకుని పెరుగుతుంది. కొత్త తొట్టిలో అది ఎదగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. "ఇరవై నాలుగ్గంటలు ఫిల్టరు తిప్పి చేపలు వేసేయండి" అంటారు, ఒట్టి నీళ్ళు తిప్పితే దానికి తిండెక్కడిది? దగ్గర దారి ఒకటుంది. ఇక్కడే ఈ హాల్లో పాత తొట్టి ఉన్నవాళ్ళు చేతులెత్తండి. నలుగురైదుగురున్నారు. కొత్తవాళ్ళు వీళ్ళని పట్టుకోండి. వాళ్ళ ఫిల్టర్లో కొత్త స్పాంజి ఒకటి నెల రోజులు పెట్టించుకుని, తడిగానే తెచ్చి మీ తొట్టిలో పెట్టండి. వాళ్ళ చేపలు జబ్బు లేకుండా ఉన్నాయో లేదో ముందు చూసుకోండి. తర్వాత రెండు మూడు చేపలతో మొదలెట్టి, నీళ్ళు పరీక్షించే కిట్‌లో అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించాకే తర్వాతి జత.

ఇప్పుడు నాకు ఒళ్ళు మండే విషయం. నెలకోసారి "తొట్టి కడగడం". చేపల్ని బకెట్లో వేస్తారు. నీళ్ళన్నీ పారబోస్తారు. గులకరాళ్ళు బట్టల రాయి దగ్గర కుళాయి కింద పెట్టి తెల్లగా మెరిసేదాకా రుద్దుతారు. స్పాంజి పిండి ఎండలో ఆరేస్తారు. కొత్త నీళ్ళు నింపి చేపల్ని వదిలేస్తారు. రెండో రోజుకి నీళ్ళు పాలలా తెల్లబడతాయి, మూడో రోజుకి ఒక్కొక్కటీ పక్కకి ఒరిగిపోతుంది. నెలల తరబడి పెరిగిన బ్యాక్టీరియాని క్లోరిన్ నీళ్ళతో కడిగేశారు మరి. స్పాంజిని తొట్టిలోంచి తీసిన పాత నీళ్ళలోనే రెండుసార్లు పిండండి, గోధుమరంగు నీళ్ళొస్తాయి, చాలు. అది తెల్లగా అవ్వక్కర్లేదు.

దీనికి వ్యతిరేకం ఇంకొకటి. ఏడాదిగా నీళ్ళు ముట్టుకోలేదు, చేపలు బాగానే ఉన్నాయి, ఒకరోజు బుద్ధి పుట్టి సగం నీళ్ళు మార్చారు, తెల్లారేసరికి అన్నీ పోయాయి. "చూశారా మాస్టారూ, నీళ్ళు మార్చకపోతేనే బతికాయి" అంటారు. ఏం జరిగిందంటే, మార్చని నీళ్ళలో ఆమ్లం పేరుకుని పీహెచ్, అంటే నీళ్ళ ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే అంకె, కిందికి దిగిపోతుంది, 6కీ అంతకంటే కిందికీ. ఆ పీహెచ్‌లో బ్యాక్టీరియా మందగిస్తుంది, అమ్మోనియా పేరుకుంటుంది. కానీ అది అమ్మోనియం రూపంలో ఉంటుంది, చేపకి అంతగా హాని చేయదు. మీరు పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్ళు గుమ్మరించగానే అందులో కొంత భాగం అసలు అమ్మోనియాగా మారిపోతుంది. 30 డిగ్రీల దగ్గర, పీహెచ్ 7లో విషరూపంలో ఉండేది నూటికి ఒక పాలు కూడా కాదు. పీహెచ్ 8లో ఏడు పాళ్ళ దాకా ఉంటుంది. చేప చచ్చింది కొత్త నీళ్ళ వల్ల కాదు, ఏడాది బాకీ ఒక్కసారే వసూలైంది. అలాంటి తొట్టి మీ ఇంట్లో ఉంటే రోజూ నాలుగైదు లీటర్ల చొప్పున రెండు వారాలు మార్చండి, తర్వాత బకెట్టుకి వెళ్ళండి.

ఇక చేసి చూపిస్తాను. బాబూ, ఆ తొట్టి ఇటు జరుపు. ముందు స్విచ్‌లు ఆపాలి, ఫిల్టరుదీ, హీటరు ఉంటే దానిదీ. నీళ్ళు దిగాక వేడి హీటరు గాలిలో పడితే గాజు పగుల్తుంది. విశాఖలో సముద్రం దగ్గర ఉండేవాళ్ళకి హీటరు అవసరం చాలా తక్కువ. అరకులో అయితే వేరే మాట.

ఇది మామూలు ప్లాస్టిక్ పైపు, చివర వెడల్పాటి గొట్టం. నోటితో పీల్చకండి. పైపు మొత్తం తొట్టిలో ముంచి నీళ్ళు నింపి, ఒక చివర బొటనవేలితో మూసి, కిందున్న బకెట్లోకి వదలండి. చూడండి, వచ్చేసింది. ఇప్పుడు వెడల్పు చివరని గులకరాళ్ళలోకి గుచ్చుతున్నాను. రాళ్ళు గొట్టంలో పైకి లేస్తున్నాయి, గిరగిరా తిరుగుతున్నాయి, వాటి మధ్యలోంచి గోధుమరంగు పొగలా వస్తోంది కదా, అదీ మీ మేత. రాళ్ళు బరువు కాబట్టి పడిపోతాయి, మురికి తేలిక కాబట్టి పైపులోకి వెళ్ళిపోతుంది. రాళ్ళు పైదాకా వస్తుంటే పైపుని కొంచెం నొక్కండి, ధార తగ్గుతుంది. ఒకే ఆదివారం నేలంతా లాగకండి, సగం ఈ వారం, సగం వచ్చే వారం. బకెట్టు నిండింది, ఆపేశాను. ఈ నీళ్ళు సింకులో పోయకండి, బాల్కనీలో మందారానికి పోయండి. దానికి నైట్రేటు ఎరువే.

పోసే నీళ్ళు. క్లోరిన్ పోవాలంటే ముందు రోజు రాత్రి బకెట్టు పట్టి మూత లేకుండా ఉంచాలి, లేదా యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాలి. అందులో ఉండేది సోడియం థయోసల్ఫేటు, ఫోటోల వాళ్ళు హైపో అనేవారు. వానాకాలంలో క్లోరిన్ మోతాదు పెంచుతారు కాబట్టి అప్పుడు రెండూ చేయండి. వేడి విషయం మాత్రం ఈ ఊరివాళ్ళు బాగా గుర్తు పెట్టుకోవాలి. మే నెల మధ్యాహ్నం డాబా మీద ట్యాంకు నీళ్ళు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. ఆ నీళ్ళు తొట్టిలో పోస్తే చేప ఉడికినట్టే. ఎండాకాలంలో నీళ్ళు మార్చే పని తెల్లవారుజామున. చేత్తో రెండు నీళ్ళూ ముట్టుకు చూడండి, తేడా తెలియకూడదు. ఆర్వో నీళ్ళు ఒక్కటే పోయకండి, లవణాలు లేని నీళ్ళలో పీహెచ్ నిలకడగా ఉండదు. బోరు నీళ్ళు మరీ గట్టివైతే సగం సగం కలపొచ్చు, కానీ ప్రతివారం అదే పాళ్ళలో కలపాలి.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకావిడ: నాచు తింటుందని సక్కర్ ఫిష్ ఇచ్చారండీ. ఉంచొచ్చా?)

తొట్టి కడుగుతుందని ఇచ్చి ఉంటారు. అమ్మా, అది అడుగు పైన పెరుగుతుంది, తినేదాని కంటే వదిలేదే ఎక్కువగా కనిపిస్తుంది. వెనక్కి తీసుకుంటే షాపులో ఇచ్చేయండి. గెడ్డలోనో చెరువులోనో మాత్రం వదలొద్దు. మన రాష్ట్రంలో చెరువుల్లో, కాలువల్లో దెయ్యం చేప అని పేపర్లలో చూస్తున్నారే, అది ఈ సక్కర్ జాతే. ఒంటి నిండా గట్టి పలకలు, ముళ్ళు. జాలర్ల వలలు చింపేస్తుంది. ఇళ్ళ తొట్లలోంచి, అమ్మకపు చెరువుల్లోంచి బయటపడ్డదే అది. నాచు గురించి అడిగారు కదా, లైటు రోజుకి ఏడెనిమిది గంటలకి తగ్గించండి, బకెట్టు ఎత్తండి. నాచుకి కూడా నైట్రేటే తిండి.

(ఒక యువకుడు: కరెంటు పోతే ఎంతసేపు ఆగుతాయి సార్?)

ఎన్ని చేపలున్నాయో దాన్నిబట్టి. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరిగితే 30 డిగ్రీల్లో ఏడున్నరే కరుగుతుంది. వేడికి చేపకి అవసరమేమో పెరుగుతుంది. హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు, 2014 అక్టోబరులో, ఊళ్ళో రోజుల తరబడి కరెంటు లేదు, మీ పెద్దవాళ్ళని అడుగు. అలాంటప్పుడు పలచగా చేపలున్న తొట్లు నిలబడతాయి, కిక్కిరిసినవి మొదటి రాత్రే పోతాయి. చేయాల్సింది మేత ఆపేయడం. గంటకోసారి మగ్గుతో నీళ్ళు తీసి జానెడు ఎత్తునుంచి పోయడం. తొట్టికి తగిలించే డబ్బా ఫిల్టరు అయితే అందులో స్పాంజి తీసి తొట్టిలో వేసేయండి, మూసిన డబ్బాలో బ్యాక్టీరియా ఊపిరాడక చచ్చి కుళ్ళుతుంది. కరెంటు రాగానే ఆ డబ్బాలో మురిగిన నీళ్ళు పారబోసి అప్పుడు స్విచ్ వేయండి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి కొనిపెట్టుకో, తుపాను హెచ్చరిక వచ్చాక షాపులో దొరకదు.

(వెనక నుంచి: నైట్రైటు ఎక్కువ చూపిస్తోందండీ, చేపలు పైకొచ్చి గుటకలేస్తున్నాయి.)

ఇవాళే ఒక బకెట్టు మార్చండి, రేపు ఇంకొకటి. మేత బంద్. అయోడిన్ లేని కళ్ళుప్పు, లీటరుకి ఒక గ్రాము చొప్పున నీళ్ళలో కరిగించి పోయండి, మీ తొట్టికి 45 గ్రాములు. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటుని లోపలికి పోనివ్వదు. తర్వాత ఉప్పు తీయాలంటే వేరే పనేమీ లేదు, వారం వారం మార్చే బకెట్లతోనే పోతుంది. కొన్ని మొక్కలు ఉప్పుకి ఓర్చుకోవు, అవుంటే పక్కకి తీసేయండి.

(పాప: మా పద్దెనిమిదిలో కొన్ని ఇచ్చేయాలా తాతగారూ?)

ఏవేం ఉన్నాయమ్మా? గప్పీలు పది, గోల్డ్ ఫిష్ రెండు, టైగర్ బార్బ్‌లు ఆరు. టైగర్ బార్బ్‌లు గప్పీ తోకలు కొరుకుతున్నాయా? కొరుకుతాయి, వాటి బుద్ధే అంత. గోల్డ్ ఫిష్‌లు షాపులో ఇచ్చేయి, టైగర్లని పెద్ద తొట్టి ఉన్న ఎవరికైనా ఇవ్వు. గప్పీల్లో ఆడవుంటే వాటిని కూడా. మిగిలినవాటికి నాన్నగారి చేత వారానికి ఒక బకెట్టు మోయించు. (నవ్వులు)

(మరొకరు: పెద్ద పండక్కి ఊరెళ్తాం, అయిదారు రోజులు. మేత ఎలా?)

పక్కింటివాళ్ళకి మేత డబ్బా ఇచ్చి వెళ్ళకండి. ప్రేమకొద్దీ నెల మేత వారంలో వేసేస్తారు. ఎదిగిన చేపలు అయిదారు రోజులు తినకపోయినా ఏమీ కావు. మనసొప్పకపోతే చిటికెడేసి కాగితం పొట్లాలు రెండు కట్టి, మీద తేదీలు రాసి ఇవ్వండి. మిగతా డబ్బా బీరువాలో పెట్టి తాళం వేయండి. నీళ్ళు బయల్దేరే రోజున మార్చకండి, రెండు రోజుల ముందే మార్చండి, తేడా వస్తే మీరు చూసుకోవడానికి ఉంటారు. లైటు ఆపేయండి. ఫిల్టరు స్విచ్ పక్కన ఒక చీటీ అంటించండి, "ఇది ఆపవద్దు" అని. ఇంటికి తాళం వేసేటప్పుడు మెయిను ఆపేసే అలవాటు మనలో చాలామందికి ఉంది.